ఊరికే ఆడిన ఆట

నా బతుకులో పని చేసినదానికన్నా నిలబడిందే ఎక్కువ. రేషన్ బియ్యానికి నిలబడ్డాను, నల్లా నీళ్లకు నిలబడ్డాను, దవాఖానలో చీటీ కోసం నిలబడ్డాను, ఆయన పోయాక వితంతు పింఛను కోసం ఆఫీసుల ముందు నిలబడ్డాను. నిలబడీ నిలబడీ మడమలు పగిలాయి గానీ ఓపిక మాత్రం రాలేదు. చూసేవాళ్లు ఈమెకు ఎంత ఓపిక అనుకుంటారు. అది ఓపిక కాదు, వేరే దారి లేకపోవడం.

ఒకప్పుడు లైన్లో నిలబడితే ముందున్న మనిషితో, వెనకున్న మనిషితో మాటలు కలిసేవి. ఏ ఊరు, పిల్లలెందరు, పొద్దున ఏం కూర. ఇప్పుడు సాయంత్రం పూట హైటెక్ సిటీ స్టేషన్లో రైలు కోసం నిలబడితే ప్లాట్‌ఫారం నిండా మనుషులే, ఒక్క ముఖం కనపడదు. అన్నీ నడినెత్తులే. దేవుడి ముందు కూడా అంతసేపు తల వంచరు. ఒకరు బొమ్మ కారు తోలుతుంటారు, ఒకరు పండ్లు కోస్తుంటారు, ఒకరు ఎవరినో టపటపా కాల్చేస్తుంటారు. రైలు వచ్చిందని కూడా పక్కవాడు తోస్తే తెలుసుకుంటారు.

నాకూ ఒక ఆట వచ్చు. రంగురంగుల గుండ్లుంటాయి. ఒకే రంగువి మూడు కలిపితే టప్పున పగులుతాయి. నా కూతురు తన పాత ఫోను నాకిచ్చినప్పుడు అందులో పెట్టింది. మా ఆయనను పెద్ద దవాఖానలో చేర్చిన రోజులవి. లోపలికి రానివ్వరు, బయట ఏమీ చెప్పరు. డాక్టరు ఎప్పుడొస్తడు, డాక్టరు ఎప్పుడొస్తడు అని నేను అడిగిందే అడుగుతుంటే దానికి విసుగొచ్చింది.

"అమ్మా, జర ఇది ఆడుకుంట కూసో. మనసు వేరే దిక్కు పోతది" అని నేర్పింది.

మనసు ఎక్కడికీ పోలేదు. వేలు ఒక్కటే పోయింది. వరండాలో గోడకు ఆనుకుని ఆ గుండ్లు పగలగొడుతూ ఎన్ని పూటలు గడిపానో. ఆయన పోయారని లోపలి నుంచి పిలుపు వచ్చినప్పుడు కూడా నా చేతిలో అదే ఆట ఉంది. అది తప్పని నేననుకోను. చేతిలో జపమాల ఉన్నా ఆయన పోయేవారే. కానీ అప్పటి నుంచి, ఎవరైనా నన్ను కూర్చోబెట్టి చేతికి ఆట ఇస్తే నాకు భయమేస్తుంది. ఆట ఇచ్చారంటే లోపల ఏదో జరుగుతోంది, మనకు చెప్పడం లేదు అనిపిస్తుంది.

నేను చేసేది ఒక అద్దాల బిల్డింగులో హౌస్‌కీపింగ్. ఏ బిల్డింగని అడగొద్దు, ఈ దిక్కు అన్నీ ఒక్కలాగే ఉంటాయి. పైన అంతస్తుల్లో కంపెనీలుంటాయి, కానీ మాకు జీతమిచ్చేది వాళ్లు కాదు. మధ్యలో కాంట్రాక్టరుంటాడు. ఆ కాంట్రాక్టరు కొన్నాళ్లకోసారి మారిపోతాడు. అంతస్తులు అవే, బాత్రూములు అవే, కడిగే చేతులు అవే. జీతం ఇచ్చేవాడి పేరే మారుతుంది. మారినప్పుడల్లా పాతవాళ్లలో కొందరు మిగులుతారు, కొందరు రాలిపోతారు. ఎవరు ఎందుకు రాలారో ఎవరూ చెప్పరు. సోమవారం వస్తే గేటు దగ్గర కార్డు పనిచేయదు, అంతే.

ఈసారి వానలు వెనకబట్టాక మళ్లీ మారాడు. వయసు మీరినవాళ్లను తీసేస్తారట అని లిఫ్టులో ఒకరు, మెట్ల దగ్గర ఒకరు చెప్పారు. నా నెరిసిన తల చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. ఈ పని పోతే ఇంకో పని దొరకదని నాకు తెలుసు. కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో ఇళ్ల పనికి అడిగి చూశాను, "మీకంటే చిన్నవాళ్లెవరైనా ఉన్నారా ఆంటీ" అని నన్నే అడిగారు. హఫీజ్‌పేటలో నాకో గది ఉంది. దాని కిరాయి ఈ పనిలోంచే కట్టాలి. పని పోతే గది పోతుంది, గది పోతే కూతురి ఇంటికి పోవాలి. అల్లుడు మంచివాడు, ఏమీ అనడు. ఏమీ అనని ఇంట్లో రోజూ అన్నం తినడం ఎంత బరువో తిన్నవాళ్లకే తెలుసు. నాకు ఆ గది కావాలి. తలుపు లోపలి నుంచి గడియ పెట్టుకుని కాళ్లు చాపుకునే చోటు అదొక్కటే.

శనివారం అందరినీ కింద సెల్లారుకు రమ్మన్నారు. ఆధార్ కార్డు, ఫోను తెచ్చుకోమన్నారు.

"ఫోనెందుకు సార్?" అని అడిగితే సూపర్‌వైజరు, "తెమ్మన్నరు, తెచ్చుకో. నాకు మాత్రం ఏం తెలుసు" అన్నాడు.

కార్లన్నీ తీసేసి ఆ పసుపు గీతల మధ్య ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. మా బిల్డింగే కాదు, చుట్టుపక్కల ఇంకో రెండు బిల్డింగుల వాళ్లనూ పిలిచినట్టున్నారు, కుర్చీలు చాలక జనం స్తంభాలకు ఆనుకుని నిలబడ్డారు. ఒక చివర గుడ్డ పరదా కట్టారు. దాని వెనక టేబుళ్లు. లోపలికి పోవడానికి మాకందరికీ నంబరు చీటీలు ఇచ్చారు. నంబరు పిలిస్తే లోపలికి పోతారు, పోయినవాళ్లు అటునుంచి అటే ఇంకో దారిలో బయటికి వెళ్లిపోతారు. తిరిగి మా వైపు రారు. అందుకని లోపల ఏం అడుగుతున్నారో, ఎవరిని ఉంచారో, ఎవరిని వద్దన్నారో మాకు తెలిసే దారి లేదు. కావలసినంత మంది దొరికితే ఆపేస్తారట అని ఒక మాట మాత్రం తిరుగుతోంది.

నా పక్కన మా చెల్లె కూర్చుంది. సొంత చెల్లెలు కాదు, మా అంతస్తులోనే పనిచేస్తుంది. గోదావరి దిక్కు మనిషి, ఇక్కడ ప్రగతి నగర్‌లో ఉంటారు. అందరినీ అండీ అంటుంది. లిఫ్టు తలుపు మూసుకుపోతున్నా "ఆగండాగండి" అంటుంది.

"ఎంతసేపక్కా ఇలా? నడుం విరిగిపోతోందండీ."

"నీది ఇంకా నడుము. నాకు ఏదుందో ఏది లేదో తెలుస్తలేదు."

ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ ఉన్న వేడినే అటూ ఇటూ తిప్పుతున్నాయి. పొద్దెక్కిన కొద్దీ అరుపులు మొదలయ్యాయి. తాగడానికి నీళ్లు లేవని ఒకరు, పసిపిల్లను ఇంట్లో వదిలి వచ్చానని ఒకరు. సూపర్‌వైజరు ఎవరికి ఫోన్ చేసి ఏం చెప్పాడో, కాసేపటికి ఒక అమ్మాయి వచ్చింది. పసుపు రంగు టీషర్టు, చేతిలో మైకు. ఆమె వెనక ఇద్దరు మనుషులు పెద్ద తెర ఒకటి తోసుకుంటూ వచ్చారు.

"హాయ్ హలో అందరికీ! బోర్ కొడుతోందా?" అంది ఎగిరినట్టు.

వెనక నుంచి ఒక గొంతు, "బోరు సెల్లార్ల కొడ్తున్నరా? నీళ్లు పడ్డయా మరి?" అంది. అందరూ నవ్వారు. ఆ రోజు అందరం కలిసి నవ్వింది అదొక్కసారే.

ఆ అమ్మాయి కూడా నవ్వి, "అయితే ఒక గేమ్ ఆడదాం! అందరూ ఫోన్లు తీయండి, స్క్రీన్ మీద ఈ కోడ్ స్కాన్ చేయండి" అంది.

తెర మీద నల్లచుక్కల బొమ్మ పడింది, కూరగాయల బండి మీద ఉంటుందే, అట్లాంటిదే. అంతే, బయట ఉన్న ఫోన్లు కూడా జాకెట్లలోకి, జేబుల్లోకి పోయాయి.

"స్కాన్ జేస్తే పైసలు గుంజుకుంటది! ఎవ్వలు చెయ్యకుండ్రి!"

"డబ్బులు పోవాంటీ, ప్రామిస్! ఇది గేమ్. ఊరికే, సరదాగా ఆడుకోవడానికి!"

ఊరికే. ఆ మాట వినగానే నా వెనక వరుసలో ఎవరో "ఆఁ" అని ముక్కుతో అన్నారు. నాకూ అదే అనిపించింది. ఊరికే అంటే పైసా లేకుండా అని ఒక అర్థం, కారణం లేకుండా అని ఇంకో అర్థం. ఆ బిల్డింగులో రెండు రకాలదీ నేనెప్పుడూ చూడలేదు. పాత కాంట్రాక్టరు మనిషి ఒకసారి "ఊరికే ఒక సంతకం పెట్టండమ్మా, రికార్డు కోసం" అన్నాడు. తర్వాత తెలిసింది, మా అంతట మేమే పని మానేస్తున్నామని రాసిన కాగితమది. మళ్లీ కొత్తగా చేర్చుకున్నాడు, పాత సర్వీసంతా పోయింది. ఇంకోసారి టై కట్టుకున్న ఇద్దరు వచ్చి "ఏం లేదమ్మా, ఊరికే చూసి పోదామని" అన్నారు. మరుసటి వారం మా అంతస్తులో ఒక మనిషి తగ్గింది. ఊరికే అన్నారంటే ఏదో ఉందని మాకు ఒంటికి తెలుసు.

దానికి తోడు ఆ అమ్మాయి ఇంకో మాటంది. "పేరు టైప్ చేయడం లేటవుతుంది కదా, మీ చేతిలో ఉన్న టోకెన్ నంబర్ కొట్టేయండి, చాలు!"

మా వెనక తోట పని చేసే మీసాలాయన కూర్చున్నాడు. ఆయన గొంతు తగ్గించి, "అయిపాయె. గిదే పరీక్ష" అన్నాడు.

"పరీక్షనా? ఏం పరీక్ష అన్నా?"

"మరి టోకెన్ నంబర్ ఎందుకడుగుతరు? మార్కులెయ్యనీకె. పైన కంపెనీల కొత్త పిల్లలకు పెడ్తరు సూడు, ముందు కంప్యూటర్ల పరీక్ష, దాంట్ల పాసైతెనే ఇంటర్వ్యూ. మా అన్న కొడుక్కు గట్లనే పెట్టిండ్రు. గిప్పుడు మనకు మొదలువెట్టిండ్రు."

అది అబద్ధమని ఎట్లా అనగలం? మేం కళ్లారా చూసినదే. నాలుగో అంతస్తులో పిల్లలు వరుసగా కూర్చుని పెదవులు కొరుక్కుంటూ ఆ కంప్యూటర్లు ఒత్తుతుంటే, వాళ్ల కుర్చీల కింద తుడిచింది మేమే. గంట తర్వాత సగంమంది ఏడుస్తూ మెట్లు దిగేవాళ్లు. మీసాలాయన మాట ఒక వరుస నుంచి ఇంకో వరుసకు పాకింది. ఫోన్లు బయటికొచ్చాయి. సెల్లారంతా చప్పుడు లేకుండా అయిపోయింది.

"వావ్! ఎంత సీరియస్‌గా ఆడుతున్నారో!" అని ఆ అమ్మాయి సంబరపడింది.

నంబరు కొట్టాను. ఫోన్లో చక్రం తిరుగుతోంది, తిరుగుతూనే ఉంది. సెల్లార్లో సిగ్నల్ ఎక్కడుంటుంది? ర్యాంపు దగ్గర వస్తుందని ఎవరో అన్నారు. అంతే, కుర్చీలు ఎత్తుకుని జనమంతా ర్యాంపు వైపు జరిగారు. బోనాలప్పుడు కూడా అంత తోపులాట చూడలేదు. చెల్లె నా కుర్చీ కూడా ఒక చేత్తో లాక్కొచ్చింది.

ఆట ఏమిటంటే, పెద్ద తెర మీద ఒక మాట పడుతుంది. మన ఫోన్లో రెండు బొమ్మలు పడతాయి. ఆ మాటకు సరిపోయే బొమ్మను ఒత్తాలి. తప్పు ఒత్తితే ఔట్. చివరిదాకా ఉన్నవాళ్లు గెలిచినట్టు.

మొదటి మాట పడింది. నాకు చదువు అసలే రాదని కాదు. రాత్రిబడికి కొన్నాళ్లు పోయాను. బస్సు బోర్డు చదువుతాను, కాకపోతే బస్సు వెళ్లిపోయాక. అందుకని చెల్లె మెల్లగా "చీపురక్కా" అంది.

"ఏయ్, చెప్పుకునుడు లేదు! ఎవరిది వాళ్లే కొట్టాలె!" అని ముందు వరుసలో ఒకామె తిరిగి గయ్యిమంది. ఆ ముఖం నిండా భయమే. చీపురు ఒత్తాను. పచ్చగా వచ్చింది. రెండో మాట గొడుగు. కొమ్ములు చూసి, గుణింతం కూడబలుక్కుని, చివరి క్షణంలో ఒత్తాను. అదీ పచ్చగానే వచ్చింది. ఫోను చెమటకు జారుతుంటే కొంగుతో తుడుచుకున్నాను.

"ఆంటీలూ, అంకుల్సూ, నవ్వండి! ఇది ఫన్!" అంటోంది మైకు.

మూడో మాట పడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. రెండే అక్షరాలు. చ, దానికి దీర్ఘం, చా. ప. చాప. ఒత్తులు లేవు, కొమ్ములు లేవు. ఇంత సులువు మాట నా కోసమే వేశారనుకున్నాను. ఫోన్లో ఒక పక్క చుట్టచుట్టిన సాప ఉంది, ఇంకో పక్క గుండ్రటి కన్నుతో చాప ఉంది. చెల్లె కన్నా ముందు ఒత్తాను, చాపనే ఒత్తాను.

ఎర్రగా అయిపోయింది. ఫోన్ నిండా ఒక ఏడుపు ముఖం వచ్చింది. కింద ఔట్ అని.

ఆ ఏడుపు ముఖం సంగతి చెప్పాలి. మా బిల్డింగులో ప్రతి బాత్రూము బయట గోడకు చిన్న తెర బిగించారు. దాని మీద మూడు ముఖాలుంటాయి, నవ్వేది, ఊరికే చూసేది, ఏడ్చేది. పోయివచ్చినవాళ్లు ఒకటి ఒత్తి పోతారు. ఎవరైనా ఏడుపు ముఖం ఒత్తితే చాలు, సూపర్‌వైజరు ఫోను మోగుతుంది. వాడు పరుగెత్తుకొచ్చి, ఆ పూట ఎవరి డ్యూటీ ఉంటే వాళ్లను నిలబెట్టి తిడతాడు. ఒకామెకు అదే నెలలో మళ్లీ మళ్లీ పడితే పంపించేశారు. ఏడుపు ముఖమంటే ఏమిటో మాకు ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. అది ఇప్పుడు నా చేతిలో, నా నంబరు మీద పడింది.

చుట్టూ లొల్లి లేచింది. సగం సెల్లారు ఎర్రబడింది.

"చాపనే గద కొట్టిన! ఎట్ల తప్పయితది?"

"చాపంటే పడుకునేదండీ, పరుచుకుంటాం చూడండి, అది" అంది చెల్లె, తన ఫోన్లో పచ్చ రంగు చూసుకుంటూ.

"పరుసుకునేది సాప! ఈదేది చాప! రాయనీకె రాదా వీళ్లకు?"

మైకు అమ్మాయి బిక్కమొహం వేసింది. "అంటే... ఫిష్‌ని చేప అంటారు కదండీ?"

"మీ దిక్కు అంటరేమో. మేం ఆయితారం చాపల కూర తింటం. మీరు తింటె సాప తినుండ్రి!" అన్నాడు మీసాలాయన. ఆయనదీ ఎర్రగానే ఉంది.

"రెండు కరెక్టే అని రాయుండ్రి మేడమ్! కాళ్లు మొక్కుత, జర రాయుండ్రి!" అని ముందు వరుసామె లేచి నిలబడి చేతులు జోడించింది. ఆటలో చేతులు జోడించే మనిషిని చూసి ఆ అమ్మాయి ఒక అడుగు వెనక్కి వేసింది.

"సిస్టమ్‌లో మార్చడం కుదరదాంటీ. ఊరికే ఆటే కదా, లైట్ తీసుకోండి!"

నాకు అరవాలని కూడా అనిపించలేదు. అరిచి అరిచి ఎవరు ఏం సాధించారు? అయిపోయింది అనుకున్నాను. చెల్లె తర్వాతి మాట కోసం తెర వైపే చూస్తోంది, రెప్ప వేయడం లేదు. దాన్ని తప్పు పట్టను. ఇద్దరు ఆడపిల్లలున్నారు దానికి. నా సంచి తీసుకుని ర్యాంపు ఎక్కాను. ఎవరూ ఎక్కడికని అడగలేదు.

బయట ఎండ కళ్లలో కొట్టింది. శనివారం కాబట్టి రోడ్డు మీద పెద్దగా జనం లేరు. బస్టాప్‌లో బెంచీ మీద కూర్చున్నాను. బస్సు కోసం కాదు, ఇంటికి పోబుద్ధి కాలేదు. కూతురికి ఏం చెప్పాలా అని ఆలోచించాను. చదువు తక్కువై పోయిందంటే సరే. ఊడ్వడం రాక పోయిందన్నా సరే. చాపను చాప అన్నందుకు పోయిందని ఎట్లా చెప్పేది? ఎవరు నమ్ముతారు? గది ఖాళీ చేయాలంటే ఓనరుకు ముందుగా చెప్పాలి. మంచం అల్లుడి ఇంట్లో పట్టదు. ఆయన ఫోటో ఎక్కడ తగిలిస్తారో, తగిలిస్తారో లేదో.

పక్కన సాఫ్ట్‌వేర్ పిల్లలు ముగ్గురు ఒకే ఫోను మీద వంగి ఏదో ఆడుతున్నారు. "ఛీ, మళ్లీ పోయామురా!" అని ఒకరి వీపు మీద ఒకరు కొట్టుకుని పడీ పడీ నవ్వుతున్నారు. ఓడిపోయి అంత నవ్వు ఎట్లా వస్తోందో అని చూస్తూ కూర్చున్నాను. పోతే ఏమీ పోదని తెలిసినవాళ్ల నవ్వు అట్లా ఉంటుంది కాబోలు. మా సెల్లార్లో ఎవరికీ ఆ నవ్వు రాలేదు.

ఎంతసేపు కూర్చున్నానో. కళ్లు మూతలు పడుతుంటే ఎవరో భుజం పట్టి ఊపారు. చెల్లె. చెప్పులు చేతిలో పట్టుకుని పరుగెత్తుకొచ్చింది, ముఖమంతా చెమట.

"అక్కా! ఎక్కడికెళ్లిపోయారండీ! మిమ్మల్ని వెతకలేక చచ్చాను. మీ నంబర్ పిలిచారంట!"

"నేను ఔటయిన గద చెల్లె."

"ఏం ఔటండీ?"

"చాప."

అది నా ముఖం చూసింది. నవ్వబోయి, నవ్వలేక, నా పక్కన కూలబడింది. "ఓరి దేవుడో! అక్కా, లోపల వేలిముద్ర వేయించుకుని ఫోటో తీస్తున్నారు, అంతే. ఆట ఊసే లేదు. నేనూ తర్వాత మాటకే పోయాను. అయినా నన్ను తీసుకున్నారు. లేవండి, లేవండి, పరదా తీసేస్తారు!"

నేను లేవలేదు. అది నా చేయి పట్టి లాగింది. "మీరు రాకపోతే నేను మోసుకెళ్తానండీ, ఆ తర్వాత నా నడుముకు మీరే బాధ్యత!" అంటే అప్పుడు లేచాను.

కిందికి దిగేసరికి సగం కుర్చీలు ఖాళీ. పరదా దగ్గర చీటీలు చూసేవాడు నా నంబరు చూసి తల అడ్డంగా ఊపాడు. "నీది ఎప్పుడో అయిపోయింది. పిలిచినం, పిలిచినం, నువ్వు లేవు. ఇగ చివరికి రా. అప్పటికి జాగ ఉంటె ఉన్నట్టు."

చెల్లెను ఇంటికి పొమ్మన్నాను, పిల్లలు ఎదురుచూస్తారని. పోలేక పోలేక పోయింది. నేను కూర్చున్నాను. నా కంటే ముందు పోవాల్సిన వాళ్లంతా పోయారు, వెనక పోవాల్సిన వాళ్లూ పోయారు. ఒక్కొక్కరు లోపలికి పోయినప్పుడల్లా ఒక జాగ తగ్గింది అనుకున్నాను. తెర మీద ఆట ఇంకా నడుస్తూనే ఉంది, మైకు అమ్మాయి గొంతు బొంగురుపోయింది. నేను ఫోను సంచిలోనే ఉంచాను. చేతులు ఒళ్లో పెట్టుకుని పరదా వైపు చూస్తూ కూర్చున్నాను, అంతే. అందులో ఏమీ సరదా లేదు. కానీ భయపడేటప్పుడు భయపడనివ్వాలి మనిషిని. మధ్యలో ఎవరో వచ్చి చక్కిలిగింతలు పెడితే ఇంకా అలసిపోతారు.

చివరికి నన్ను పిలిచారు. పరదా వెనక చల్లగా ఉంది, కూలర్లు పెట్టుకున్నారు. కళ్లద్దాల సార్ ఒకాయన లాప్‌టాప్ మూయబోతూ ఆగాడు.

"ఎక్కడికెళ్లావమ్మా?"

"సార్, మా దిక్కు చాప అంటే నీళ్లల్ల ఉండేదే సార్. తెల్వక కొట్టలే. మీరు ఎవ్వలనన్న అడుగుండ్రి..."

"ఏ చాప?"

"ఆటల చాప సార్. ఎర్రగైంది."

ఆయన పక్కనున్న మనిషి వైపు చూశాడు. "బయట ఏం ఆట పెట్టారు?" ఆ మనిషీ పెదవి విరిచాడు. "ఏదో సౌండ్ వస్తోంది పొద్దుట్నుంచి. పైన ఎవరిదో ఫంక్షన్ అనుకున్నా."

వాళ్లకు తెలియనే తెలియదు. మేమంతా ఎవరి కోసం పెదవులు కొరుక్కుంటూ ఒత్తామో, వాళ్లకు ఆ సంగతే తెలియదు.

బొటనవేలు మిషను మీద పెట్టమన్నారు. నా వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి, ఆసిడ్ నీళ్లకు. మొదటిసారి పడలేదు. కొంగుతో తుడిచి గట్టిగా ఒత్తితే పడింది. కళ్లద్దాల సార్ నా తల వైపు చూశాడు.

"మెట్లు ఎక్కగలవా?"

"ఎక్కుత సార్."

"సోమవారం ఆరో అంతస్తుకు రా."

అంతే. సంతోషం వస్తుందనుకున్నాను. రాలేదు. సంతోషపడడానికి కూడా కొంచెం బలం మిగలాలి. గది ఉంది, మంచం ఉంది, ఆయన ఫోటో మేకు మీదే ఉంటుంది అని మాత్రం అనుకున్నాను.

పోబోతుంటే సూపర్‌వైజరు ఎదురొచ్చాడు. "నిన్ను తీసుకున్నరా? అయితె ఇగ మనదానివే గద. జర ఆ కుర్చీలు ఓ దిక్కు పెట్టి పో అమ్మా, కార్లొస్తయ్."

సెల్లార్లో మిగిలింది నేనూ, మైకు అమ్మాయీ. ఆమె వైర్లు చుట్టుకుంటోంది. నన్ను చూసి గుర్తుపట్టింది.

"ఆంటీ, గేమ్ మధ్యలో లేచి వెళ్లిపోయింది మీరే కదా? బోర్ కొట్టిందా?"

"లేదు బిడ్డా. పరీక్ష అనుకున్న. ఫెయిలైతినని పోయిన."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక వైరు పక్కన పెట్టేసింది. "అందుకేనా ఒక్కరూ నవ్వలేదు? నేను ఇంకా, నా వల్లే కావట్లేదేమో అనుకున్నాను. అరుస్తున్నారు, కొంచెం ఎంగేజ్ చేయి అని పంపారాంటీ నన్ను. ఇదే గేమ్ మాల్‌లో ఆడిస్తే కుర్చీలెక్కి గంతులేస్తారు."

"మాల్ల వాళ్లకు ఏం పోతది? మాకు ముందుగాల పని ఉందో లేదో చెప్పుండ్రి. చెప్పినంక ఆడిపియ్యుండ్రి, మేం గూడ ఎగురుతం."

"ఎవరిని ఉంచుతారో నాకెవరు చెప్తారాంటీ? వచ్చేవారం నన్నే పిలుస్తారో లేదో నాకు తెలీదు. ఈవెంట్ ఉంటే ఫోన్ చేస్తారు, లేకపోతే లేదు." గొంతు పూర్తిగా పోయింది. నా సీసాలో మిగిలిన నీళ్లు ఇస్తే ఎత్తిపెట్టి తాగేసింది.

కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి దొంతరలు పెట్టాను. ఆ అమ్మాయి టీషర్టు చేతులు పైకి మడిచి, వద్దన్నా వినకుండా ఒక పక్క పట్టుకుంది. ఆఖరి దొంతర గోడకు చేర్చేసరికి ఇద్దరికీ ఆయాసం వచ్చింది. ర్యాంపు మీద నుంచి మొదటి కారు లైట్లు లోపలికి పడ్డాయి. పక్కకు జరిగి దానికి దారి ఇచ్చాం.

సోమవారం ఆరో అంతస్తుకు పోయాను. కొత్త కోటు ఇచ్చారు. చేతులు పొడుగైనాయి, మడుచుకుని వేసుకున్నాను.